సివిల్ చదివిన అమ్మాయి సైటులో నిలదొక్కుకోవాలంటే ఏం చేయాలి?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఏ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లినా, ఏ పాలిటెక్నిక్‌కి వెళ్లినా సివిల్ క్లాసులో అమ్మాయిలు బాగానే కనిపిస్తారు. అదే ఒక అపార్ట్‌మెంట్ సైటుకో, రోడ్డు పనికో వెళ్తే ఇంజనీర్లలో ఒక్క అమ్మాయి కనిపించడమే గొప్ప. చదువు పూర్తయ్యాక కొందరు సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేరతారు, కొందరు బ్యాంకు పరీక్షలకు కూర్చుంటారు. సివిల్ ఉద్యోగంలోనే చేరినవాళ్లను కూడా "ఎండలో నువ్వెందుకమ్మా, ఆఫీసులో ఎక్సెల్ చూసుకో" అని కూర్చోబెట్టేస్తారు. రెండేళ్లు గడిచాక తనతోపాటు చేరిన అబ్బాయికి ప్రమోషన్ వస్తుంది, ఆమెకు రాదు. ఎందుకని అడిగితే "సైటు అనుభవం లేదు కదా" అంటారు.

అందుకే ముందే ఒక మాట గట్టిగా చెబుతున్నాను. సివిల్‌లోనే ఉండాలనుకుంటే మొదటి రెండేళ్లు సైటు వదలొద్దు. కొలతలు, లెవెల్స్ (ఎత్తుపల్లాల లెక్క), బిల్లులు మీ చేతి మీదుగా నడవాలి. ఆ తర్వాత డిజైన్‌కు వెళ్లినా, బిల్లింగ్‌కు వెళ్లినా, గవర్నమెంటు ఉద్యోగం తెచ్చుకున్నా మీ మాటకు విలువ ఉంటుంది. ఆ రెండేళ్లు ఎలా గడపాలి, ఆ తర్వాత ఎటు వెళ్లాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ఫైనలియర్‌లో ఉన్నవాళ్లకు, డిప్లొమా అయిపోయి ఏం చేద్దామా అని ఆలోచిస్తున్నవాళ్లకు, కొత్తగా సైటులో చేరి రోజూ టెన్షన్ పడుతున్నవాళ్లకు ఇది పనికొస్తుంది.

1. ముందు ఇంట్లో మాట్లాడండి

ఉద్యోగం వచ్చాక ఇంట్లో చెబుదాంలే అనుకోవద్దు. ఆఫర్ చేతిలోకి వచ్చిన రోజున మొదలయ్యే గొడవలో ఎవరూ ఎవరి మాటా వినరు. ఫైనలియర్‌లోనే విషయం కదపండి.

అమ్మానాన్నల భయాలు సాధారణంగా నాలుగే ఉంటాయి: ఎండ, మగవాళ్ల మధ్య పని, ఇంటికొచ్చే టైము, పెళ్లి. "నాకు ధైర్యం ఉంది" అని వాదిస్తే ఈ భయాలు తగ్గవు. వివరాలు చెబితే తగ్గుతాయి. సైటు ఎక్కడ, ఏ బస్సు, సాయంత్రం ఎన్నింటికి బయల్దేరతాను, రాత్రి కాంక్రీటు ఉంటే ఎవరు దింపుతారు, సైటులో ఇంకెవరు ఆడవాళ్లు ఉన్నారు అన్నవి ముందే కనుక్కుని చెప్పండి. వీలైతే ఒక ఆదివారం నాన్నగారిని తీసుకెళ్లి సైటు చూపించండి. తన కళ్లతో చూసిన చోటు గురించి మనిషి ఊహించుకుని భయపడటం తగ్గుతుంది.

"ఆడపిల్లలు సివిల్‌లో ఏం సాధిస్తారు" అనేవాళ్లకు ప్రొఫెసర్ గాలి మాధవీలత గారి గురించి చెప్పండి. ఆమెది ప్రకాశం జిల్లాలోని పల్లెటూరు. కాకినాడ జేఎన్‌టీయూలో సివిల్ బీటెక్, వరంగల్ ఎన్ఐటీలో ఎంటెక్, ఐఐటీ మద్రాసులో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు బెంగళూరులోని ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లో పాఠాలు చెబుతున్నారు. జమ్మూ కశ్మీర్‌లో చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన రైలు వంతెనకు దాదాపు 17 ఏళ్లు జియోటెక్నికల్ (నేల, రాయి, పునాదుల) సలహాదారుగా పనిచేశారు. ఆ వంతెన 2025 జూన్ 6న ప్రారంభమైంది. కొండవాలు రాయి ఎక్కడ పగిలి ఉందో, పునాది ఎక్కడ నిలుస్తుందో తేల్చడం ఆమె పని. మన దగ్గరి జిల్లా నుంచి, మనలాంటి కాలేజీలోనే చదివి వెళ్లినవారు కాబట్టి ఆ ఉదాహరణ ఇంట్లోవాళ్లకు తొందరగా ఎక్కుతుంది.

ఒకవేళ సైటు పని మీకే నిజంగా ఇష్టం లేకపోతే అది తప్పేమీ కాదు. డిజైన్, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని), ప్లానింగ్ వైపు మొదటినుంచే వెళ్లే దారులున్నాయి. కానీ అది మీరు ఎంచుకుని వెళ్లే దారి కావాలి. ఎవరో కూర్చోబెట్టారు కదా అని ఉండిపోయే చోటు కాకూడదు.

2. కాలేజీలో ఉండగానే చేతికి పని నేర్పండి

డబ్బు కట్టి తెచ్చుకునే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ల మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. మీ వీధిలో ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు. ఇంటివాళ్లను అడిగి పునాది గుంతల నుంచి స్లాబు దాకా వారానికోసారి వెళ్లి చూడండి. ఫొటోలు తీసి తేదీలు రాసుకోండి. కాలేజీ అయిపోయాక కేంద్ర ప్రభుత్వ పథకం ఎన్ఏటీఎస్ కింద చేసే అప్రెంటిస్‌షిప్ కూడా మంచి మెట్టు. డిగ్రీవాళ్లకూ డిప్లొమావాళ్లకూ స్టైపెండ్‌తో ఏడాది అనుభవం దొరుకుతుంది.

సాఫ్ట్‌వేర్లలో ఆటోక్యాడ్, ఎక్సెల్ గట్టిగా రావాలి. మిగతావి తర్వాత నేర్చుకోవచ్చు. వాటికంటే ముందు రావాల్సినవి డ్రాయింగు చదవడం, ఆటో లెవెల్ (ఎత్తు తేడాలు చూసే పరికరం) పెట్టడం, బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ కడ్డీ ఎంత పొడవు, ఎలా వంచాలి అన్న పట్టిక) వేయడం. మీ సొంత ఇంటినే టేపుతో కొలిచి ప్లాన్ గీయండి. స్లాబు కాంక్రీటు ఎన్ని క్యూబిక్ మీటర్లు, గోడలకు ఇటుక ఎంత, ప్లాస్టరింగ్ ఎన్ని చదరపు మీటర్లు అని లెక్కగట్టండి. రాష్ట్ర ప్రభుత్వ శాఖలు వాడే ఎస్ఎస్ఆర్ (ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్లు పెట్టి ఎస్టిమేట్ తయారుచేయండి. ఇంటర్వ్యూలో ఆ కాగితం ముందు పెడితే మీ మార్కుల లిస్టు తర్వాత చూస్తారు.

ఇనుము బరువు లెక్క నోటికి రావాలి. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కేజీలో వస్తుంది. 8 ఎంఎం కడ్డీ మీటరుకు 0.395 కేజీ, 12 ఎంఎం 0.889 కేజీ, 16 ఎంఎం 1.58 కేజీ. లారీ ఇనుము దిగేటప్పుడు ఈ లెక్క అక్కడికక్కడే చెప్పగలిగితే స్టోర్ కీపర్ దగ్గర్నుంచి డ్రైవర్ దాకా మీ వైపు తిరిగి చూస్తారు.

మన నేల గురించి కూడా తెలుసుకోండి. గుంటూరు, అమరావతి వైపు చాలాచోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి బీటలు వారుతుంది. అక్కడ పునాది ఎందుకు లోతుకు పోతుందో, అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) ఎందుకు వేస్తారో పుస్తకంలో చదివినదాన్ని ఒక సైటులో కళ్లారా చూడండి. 2024 సెప్టెంబరు వరదలో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వచ్చాయి. అప్పుడు నది ఒడ్డున ఉన్న కృష్ణలంకను రిటైనింగ్ వాల్ (వరదను ఆపే గోడ) కాపాడింది. బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. ఒకే ఊరు, ఒకే వారం. ఆ రెండు చోట్లకూ వెళ్లి నిలబడి తేడా ఎందుకొచ్చిందో ఆలోచిస్తే హైడ్రాలిక్స్ పేపరు ఎందుకు చదివారో అర్థమవుతుంది.

3. ఆఫర్‌కి ఒప్పుకునే ముందు ఈ ప్రశ్నలు అడగండి

జీతం ఎంత అని అందరూ అడుగుతారు. మీరు ఇంకొన్ని అడగాలి. నా పని సైటులోనా, ఆఫీసులోనా? ఏ సైటు? నేను ఎవరికి రిపోర్ట్ చేయాలి? సైటులో ఆడవాళ్లకు తాళం వేసుకునే టాయిలెట్ ఉందా? రాత్రి కాంక్రీటు ఉంటే ఇంటికి దింపే బండి ఎవరిది? పీఎఫ్ కడతారా? అపాయింట్‌మెంట్ లెటర్ ఎప్పుడిస్తారు? టాయిలెట్ గురించి అడగడానికి మొహమాటం వద్దు. ఆ ప్రశ్నకు హెచ్ఆర్ ఇచ్చే జవాబును బట్టి ఆ కంపెనీలో మీరు ఎలా ఉంటారో సగం తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూలో "పెళ్లెప్పుడు చేసుకుంటావమ్మా" అని అడిగితే కోపం వస్తుంది, అది న్యాయమే. అయినా జవాబు పొట్టిగా ఉండనివ్వండి: "ఆ విషయం ఇంకా అనుకోలేదండీ. పనిలో చేరితే నోటీసు పీరియడ్ ఎంతో చెప్పండి." మాట మళ్లీ ఉద్యోగం మీదికి వస్తుంది. పదే పదే అదే అడిగితే ఆ చోటు గురించి మీకు కావలసిన సమాచారం దొరికినట్టే.

మొదటి జీతం తక్కువగానే ఉంటుంది. ఒకే డిగ్రీతో, ఒకే రోజు చేరిన అబ్బాయికి ఎంత ఇస్తున్నారో మాత్రం కనుక్కోండి. తేడా ఉంటే అడగండి. రాకపోకల ఖర్చు విషయంలో ఇప్పుడు కొంత వెసులుబాటు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. గుంటూరులో ఉంటూ మంగళగిరి, తాడేపల్లి, విజయవాడ సైట్లకు రోజూ వచ్చి వెళ్లేవాళ్లకు నెలకు అది చిన్న మొత్తమేమీ కాదు. అయితే బస్టాపు నుంచి సైటు దాకా ఉండే ఆ రెండు మూడు కిలోమీటర్లే అసలు సమస్య. స్కూటీ నడపడం రాకపోతే చేరకముందే నేర్చుకోండి.

4. టాయిలెట్, నీళ్లు, బట్టలు

సైటు వదిలేసిన అమ్మాయిలను కారణం అడిగితే పైకి ఎండ అనో, దూరం అనో చెబుతారు. కాస్త చనువుగా మాట్లాడితే చాలామంది చెప్పేది టాయిలెట్ సంగతే. వెళ్లే చోటు లేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగరు. మన బెజవాడ మే నెల ఎండలో నీళ్లు తాగకుండా స్లాబు మీద నిలబడితే వడదెబ్బ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, తలనొప్పి వరసగా వస్తాయి. నెలసరి రోజుల్లో ఇంకా కష్టం. ఇది ఓర్చుకోవాల్సిన విషయం కాదు. పని ఇచ్చేవాడు ఏర్పాటు చేయాల్సిన సౌకర్యం, చట్టంలో ఉన్న హక్కు.

చేరిన మొదటి వారంలోనే ప్రాజెక్ట్ మేనేజర్‌కు మెయిల్ పెట్టండి. నోటితో అడిగితే "చూద్దాంలే అమ్మా" దగ్గర ఆగిపోతుంది. మెయిల్‌లో మీ పేరుతోపాటు సైటులో ఉన్న ఆడకూలీల సంఖ్య కూడా రాయండి. తట్టలు మోసే ఆ అమ్మలు ఏళ్ల తరబడి చెట్ల చాటుకు వెళ్తున్నారు, వాళ్ల తరఫున అడిగేవాళ్లే లేరు. "మహిళా సిబ్బందికి, మహిళా కార్మికులకు కలిపి తలుపు గడియ, నీళ్లు, లైటు, మూత ఉన్న చెత్తబుట్టతో టాయిలెట్ కావాలి" అని రాస్తే అది ఒక్క ఇంజనీరు గొంతెమ్మ కోరికలా కనిపించదు. రేకుల షెడ్డుతో రెండు రోజుల్లో అయిపోయే పని అది. ఈలోగా సైటు పక్కన ఉన్న ఇంటివాళ్లతో పరిచయం చేసుకోండి. మన ఊళ్లలో "లోపలికి రా అమ్మా" అనే ఇల్లు ఒకటైనా ఉంటుంది.

బట్టల విషయంలో ఒకే నియమం: తిరిగే యంత్రానికి చిక్కేది ఏదీ ఒంటి మీద వేలాడకూడదు. మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషన్) దగ్గర, ఇనుము కోసే మిషన్ దగ్గర చున్నీ కొస గాలికి లేచి చిక్కుకుంటే లాక్కోవడానికి సెకను కూడా ఉండదు. ప్యాంటు, పొట్టి కుర్తా లేదా ఫుల్ చేతుల చొక్కా, పైన రిఫ్లెక్టివ్ జాకెట్ వేసుకోండి. జడ ముడివేసి హెల్మెట్ లోపలికి తోసేయండి. హెల్మెట్ వెనక బిగించుకునే చక్రం ఉన్నది అడగండి. లేకపోతే వంగినప్పుడల్లా జారి కళ్ల మీద పడుతుంది. సేఫ్టీ షూస్ మగవాళ్ల సైజుల్లోనే తెప్పించి "ఇవే ఉన్నాయమ్మా" అంటారు. వదులు బూట్లతో పరంజా ఎక్కడం ప్రమాదం. నాలుగు, ఐదు సైజుల్లో ఆడవాళ్ల సేఫ్టీ షూస్ మార్కెట్లో దొరుకుతున్నాయి. మీ సైజు రాసివ్వండి, వచ్చేదాకా వదలొద్దు.

5. మేస్త్రి దగ్గర నేర్చుకోండి, మేస్త్రికి మీ లెక్క చూపించండి

మొదటి నెల మీ మాట ఎవరూ వినకపోవచ్చు. "సార్ ఎక్కడమ్మా?" అని అడుగుతారు. దానికి బాధపడి కూర్చోవద్దు, గొంతు పెంచడం అసలే వద్దు. కోపంతో అరిచే కుర్ర ఇంజనీర్లను మేస్త్రిలు చాలామందిని చూసి ఉంటారు, అరుపులకు వాళ్లు లొంగరు.

పెద్దవాడైతే "మేస్త్రి గారూ" అనే పిలవండి. రసమట్టం ఎలా పెడుతున్నాడో, మూలమట్టంతో మూల ఎలా సరిచూస్తున్నాడో, నీళ్ల గొట్టంతో లెవెల్ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎలా తీసుకెళ్తున్నాడో దగ్గర నిలబడి చూడండి, అడిగి తెలుసుకోండి. అడిగితే చులకన అవుతామేమో అనుకుంటారు కొందరు. చేతిపనిని గౌరవించి అడిగినవాళ్లకు మేస్త్రిలు సంతోషంగా చెబుతారు. రెండో వారంలో అదే లెవెల్‌ని మీరు ఆటో లెవెల్‌తో చూసి "మేస్త్రి గారూ, ఆ మూల 8 మిల్లీమీటర్లు దిగింది" అని చెప్పండి. ఆయన వెళ్లి చూసుకుంటాడు. నిజమే అని తేలితే ఆ రోజు నుంచి "సార్ ఎక్కడ" అనే ప్రశ్న తగ్గిపోతుంది.

మీకు అసలు పరీక్ష స్లాబు రోజు. తెల్లవారుజామునే వెళ్లండి, కూలీల ముఠా రాకముందే పైకెక్కండి. సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు) కింద జాకీలు నిటారుగా ఉన్నాయా, నేల మెత్తగా ఉన్నచోట వాటి కింద చెక్క పెట్టారా చూడండి. రేకుల సందులు మూశారా చూడండి, లేకపోతే సిమెంటు పాలు కారిపోయి కింద హనీకూంబ్ (తేనెపట్టులాంటి బొక్కలు) వస్తుంది. బీము అడుగున బైండింగ్ వైరు ముక్కలు, రంపపు పొట్టు, సిగరెట్ పీకలు పడి ఉంటాయి, అవన్నీ తీయించండి. ఇనుముకూ అచ్చుకూ మధ్య ఎడం (కవర్) ఉంచే కవర్ బ్లాకులు చేత్తో తడిమి చూడండి. డ్రాయింగులో ఉన్నదే ప్రమాణం. మామూలుగా స్లాబుకు 20, కాలమ్‌కు 40, ఫుటింగుకు 50 మిల్లీమీటర్లు ఉంటుంది. పై కడ్డీలను ఎత్తి పట్టే చైర్లు (వంచిన ఇనుప ముక్కలు) సరిపోయినన్ని లేకపోతే కూలీలు తొక్కీ తొక్కీ ఆ ఇనుము కిందికి దిగిపోతుంది. అప్పుడు కాగితం మీద బలంగా ఉన్న స్లాబు పైన బీటలు వారుతుంది.

సరిగ్గా ఇక్కడే వాదన వస్తుంది. మిల్లర్ స్టార్ట్ చేసి ఉంటుంది, అద్దె నడుస్తూ ఉంటుంది.

"మేడం, పోసేద్దాం. ఎన్నేళ్లుగా పోస్తున్నాం, ఎప్పుడూ ఏం కాలేదు."

"మీ పని మీద అనుమానం కాదు మేస్త్రి గారూ. డ్రాయింగులో స్లాబు కవర్ ఇరవై ఉంది, ఆ బీము పక్కన బ్లాకులే లేవు. కాంక్రీటు పోయొచ్చని ఇచ్చే పోర్ కార్డు మీద సంతకం నాది. పావుగంట ఆగుదాం, నేనూ ఇక్కడే ఉంటాను."

ఇంతే చెప్పండి, ఎక్కువ చెప్పొద్దు. చెప్పి అక్కడే నిలబడండి, ఆఫీసు గదిలోకి వెళ్లిపోవద్దు. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తామంటే చేయనివ్వండి. మీరు అడిగేది డ్రాయింగులో ఉన్నదే కాబట్టి మీ పై ఇంజనీరు కాదనలేడు.

కాంక్రీటు మొదలయ్యాక నీళ్ల మీద కన్నేసి ఉంచండి. ఎండకు కాంక్రీటు గట్టిపడుతుంటే బకెట్‌తో నీళ్లు కలపడం అన్ని చోట్లా ఉన్న అలవాటు, బలాన్ని తినేసేది అదే. రెడీమిక్స్ లారీ అయితే ప్లాంటులో నీళ్లు కలిపిన టైము చలానా మీద చూడండి, అక్కడినుంచి రెండు గంటల్లోపు దించేయాలి. కాంక్రీటు ఎంత పలుచగా ఉందో చూపే స్లంప్ కోన్ మీ చేత్తోనే పెట్టండి. బలం పరీక్షకు పోసే క్యూబులు 150 మిల్లీమీటర్లవి, మూడు పొరలుగా నింపి ఒక్కో పొరకు కడ్డీతో 35 పోట్లు. కాంక్రీటు 16 నుంచి 30 క్యూబిక్ మీటర్ల మధ్య ఉంటే కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం మూడు శాంపిళ్లు తీయాలి. క్యూబు మీద తేదీ, గ్రేడు, ఏ భాగమో రాయండి. పరీక్ష చేయాల్సిన 7వ రోజు, 28వ రోజు ఎప్పుడొస్తాయో మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. క్యూబు ఫెయిలైతే అందరూ వెతికేది ఆ రోజు ఎవరున్నారు అని. మీ దగ్గర ఫొటోలు, స్లంప్ రీడింగులు, చలానాలు ఉంటే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేరు.

స్లాబు పని సాయంత్రం ఏడున్నరకీ పూర్తికాకపోవచ్చు. వేసవిలో రాత్రిపూటే పోస్తారు కూడా. "రాత్రి రాను" అని ఒక్కసారి ఖచ్చితంగా అంటే పెద్ద కాంక్రీట్లన్నీ మీ చేతి నుంచి పోతాయి. దానికి బదులు షరతులు పెట్టండి: దింపడానికి కంపెనీ బండి, డ్రైవర్ నంబరు ముందే ఇంట్లో ఇవ్వడం, సైటులో లైట్లు, మీతోపాటు ఇంకో బాధ్యత గల మనిషి. ఇవి లేని రాత్రి నిస్సంకోచంగా ఇంటికి వెళ్లండి.

6. చేసిన పని మీ పేరు మీద నమోదు కావాలి

సైటు డైరీ రోజూ రాయండి. వాతావరణం, ఎంతమంది కూలీలు, ఏ పని ఎంత అయింది, ఏ మెటీరియల్ వచ్చింది, మీరు ఏం ఆపారు, ఎందుకు ఆపారు. ముఖ్యమైన మాటలు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో మళ్లీ పెట్టండి: "ఇందాక అనుకున్నట్టు ఫలానా కాలమ్ దగ్గర రింగుల దూరం సరిచేయించాను." కొలతల పుస్తకం, అంటే ఎం-బుక్, రాసే పని అడిగి తీసుకోండి. బిల్లు ఎలా పుడుతుందో తెలిసిన ఇంజనీరును ఏ కాంట్రాక్టరూ తేలిగ్గా వదులుకోడు.

ఆఫీసు పని అప్పగిస్తే కాదనకండి, కానీ సైటు రోజులు వదులుకోకండి. "వారంలో నాలుగు రోజులు సైటు, రెండు రోజులు ఆఫీసు చేస్తాను సార్" అని మీరే ప్రతిపాదించండి. మీటింగులో టీ పంపకం, ఆడిట్ వచ్చినప్పుడు బొకే ఇవ్వడం లాంటివి ప్రతిసారీ మీ మీదే పడుతుంటే "ఈసారి వాళ్లు చేస్తారు సార్, నేను లెవెల్స్ చూడాలి" అని చెప్పి లేవండి.

7. ఎవరైనా హద్దు దాటితే

వెకిలి మాటలు, అర్ధరాత్రి మెసేజ్‌లు, తాకడం, "నువ్వు ఒప్పుకుంటే ప్రమోషన్" లాంటివి భరించాల్సినవి కావు. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. చేరిన రోజే ఆ కమిటీలో ఎవరున్నారో అడిగి రాసుకోండి. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. ఆలోగా మిమ్మల్ని గానీ అతన్ని గానీ వేరే చోటికి మార్చమని, లేదా సెలవు ఇమ్మని అడిగే వీలుంది. పదిమంది కూడా లేని చిన్న కాంట్రాక్టరు దగ్గరైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఇవ్వవచ్చు. సబ్ కాంట్రాక్టరు మనిషి చేసినా, సప్లయర్ చేసినా ఫిర్యాదు చెల్లుతుంది. మెసేజ్‌లు చెరిపేయకండి, తేదీలతో సహా దాచండి. తక్షణ సాయానికి 112, మహిళా హెల్ప్‌లైన్ 181.

సైటులో మీకు తెలియకుండానే కొండంత అండ ఒకటి ఉంటుంది, అది ఆడకూలీలు. మధ్యాహ్నం వాళ్లతో కూర్చుని అన్నం తినండి. ఎవడి చూపు మంచిది కాదో వాళ్లకు ముందే తెలుసు, మీకు చెబుతారు. వాళ్లకు కష్టం వచ్చినప్పుడు ఫిర్యాదు కాగితం మీరు రాసిపెట్టండి. ఆ చట్టం దినకూలీలకు కూడా వర్తిస్తుంది.

8. రెండేళ్లు దాటాక దారులు

ఇప్పుడు మీరు ఎంచుకోవచ్చు. క్వాంటిటీ సర్వే (పని పరిమాణాలు లెక్కగట్టడం), బిల్లింగ్ మీద ఇష్టముంటే దేశంలో ఎక్కడికైనా వెళ్లే పని అది. క్వాలిటీ వైపు వెళ్తే ల్యాబ్, ప్లాంటు, సైటు మూడూ తిరుగుతారు. అమరావతి పనులు 2025 మేలో మళ్లీ మొదలయ్యాక రోడ్లు, డ్రెయిన్లు, భవనాల పనులు మన ఇంటి దగ్గరికే వచ్చాయి. పెద్ద సైటులో పద్ధతులు నేర్చుకోవడానికి హైదరాబాదో చెన్నయో వెళ్లక తప్పదని ఇప్పుడు అనుకోనక్కర్లేదు. స్ట్రక్చరల్ డిజైన్‌కో, జియోటెక్నికల్‌కో వెళ్లాలంటే గేట్ రాసి ఎంటెక్ చేయడం మంచిది. గేట్ స్కోరుతో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. సైటు చూసి వచ్చిన డిజైనర్ గీసిన జాయింటులో కడ్డీలు పడతాయి, కాంక్రీటును కుదించే వైబ్రేటర్ దూరుతుంది. అది చూడనివాళ్ల డ్రాయింగు సైటులో ఇరుక్కుంటుంది.

గవర్నమెంటు ఉద్యోగమే లక్ష్యమైతే ఏపీపీఎస్సీ ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) పరీక్ష ముఖ్యమైనది. ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా, జలవనరుల శాఖ లాంటి చోట్ల పోస్టులు ఉంటాయి. రాష్ట్ర ప్రభుత్వ నియామకాల్లో ఆడవాళ్లకు 33⅓ శాతం రిజర్వేషన్ ఉంది. డిప్లొమావాళ్లకు ఎస్ఎస్‌సీ జేఈ (జూనియర్ ఇంజనీరు), రైల్వే జేఈ, గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్ పోస్టులు ఉన్నాయి. ఒక సలహా మాత్రం ఇస్తాను. నోటిఫికేషన్ కోసం ఉద్యోగం మానేసి ఏళ్ల తరబడి కోచింగ్ గదిలో కూర్చోవద్దు. నోటిఫికేషన్ల మధ్య విరామం ఎంత ఉంటుందో ఎవరి చేతుల్లోనూ లేదు. ఉద్యోగం చేస్తూ పొద్దున్నే రెండు గంటలు చదవండి, తేదీ వచ్చాక సెలవు పెట్టండి.

సొంతంగా చేయాలనుకుంటే లైసెన్స్‌డ్ ఇంజనీరుగా ఇళ్ల ప్లాన్లకు అనుమతులు తెప్పించడం, బ్యాంకులకు ఆస్తుల వాల్యుయేషన్ చేయడం రెండూ మంచి ఆదాయం ఇచ్చేవే. భూములు, భవనాల రిజిస్టర్డ్ వాల్యుయర్ కావాలంటే బీటెక్ తర్వాత ఐదేళ్ల అనుభవం, ఆపై పరీక్ష ఉంటాయి. ఇల్లు కట్టుకునే కుటుంబాల్లో వంటగది ఎటు, గట్టు ఎత్తు ఎంత, బట్టలు ఎక్కడ ఆరేయాలి అని మాట్లాడేది ఆడవాళ్లే. మీతో వాళ్లు విడమరిచి చెప్పుకుంటారు.

9. పెళ్లి, పిల్లలు, విరామం

సంబంధం చూసేటప్పుడే మీ పని ఏమిటో అవతలివాళ్లకు సైటు పేరుతో సహా చెప్పండి. "ఏదో ప్రైవేటు జాబ్" అని పెద్దవాళ్లు దాటవేస్తే తర్వాత ఇబ్బంది పడేది మీరే. గర్భంతో ఉన్నప్పుడు పరంజాలు, వైబ్రేటర్లు, దుమ్ము దగ్గర నుంచి తప్పుకుని క్వాలిటీ రికార్డులు, బిల్లింగ్ అడగండి. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టం ఇస్తోంది. దానికి ప్రసవానికి ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు అక్కడ పని చేసి ఉండాలి. ఆ సెలవులో ఉండగా ఉద్యోగం తీసేయడం చెల్లదు. 50 మంది, ఆపైన ఉన్న సంస్థ పిల్లల సంరక్షణకు క్రెష్ ఏర్పాటు చేయాలి.

రెండు మూడేళ్లు ఇంట్లో ఉండాల్సి వస్తే చేయి పూర్తిగా వదిలేయకండి. డ్రాయింగుల నుంచి క్వాంటిటీలు తీసే పని ఇంటి నుంచి చేయవచ్చు, చిన్న కాంట్రాక్టర్లకు అది ఎప్పుడూ అవసరమే. కొత్త ఎస్ఎస్ఆర్ వచ్చినప్పుడు రేట్లు ఒకసారి చూసి పెట్టుకోండి. తిరిగి అప్లై చేసేటప్పుడు రెజ్యూమేలో విరామాన్ని దాచకండి, ఒక వరుసలో రాసేయండి. దాని పైన మాత్రం మీరు చేయించిన పనులు పరిమాణాలతో రాయండి: ఎన్ని క్యూబిక్ మీటర్ల కాంక్రీటు, ఎన్ని టన్నుల ఇనుము, ఎన్ని అంతస్తులు, ఎంత బిల్లు. పాత డైరీలు అందుకు పనికొస్తాయి. ముందు క్వాలిటీ లేదా బిల్లింగ్‌లో చేరి, ఆరు నెలల తర్వాత సైటు ఇమ్మని ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి.